‘బండి ఎక్కడ కొన్నారు?’

ప్రశ్న:

అక్కయ్య గారికి నమస్తే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మాకు ఇద్దరు పిల్లలు, ఒకరికి తొమ్మిదేళ్లు, ఒకరికి ఆరు. మే నెలలో మా అమ్మానాన్నలు ఖమ్మం నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. ఈసారి వాళ్లను మాల్స్ చుట్టూ తిప్పకుండా, ఒక ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) కొని పాలో డ్యూరో, శాంటా ఫే, గ్రాండ్ కెన్యన్ చూపించాలని నా కోరిక. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బయటి బాత్రూములంటే భయం, బయటి తిండి పడదు. మాకు అరగంట దూరంలో ఉన్న డీలర్ దగ్గర నచ్చిన ట్రైలర్ 38,900 డాలర్లు. అచ్చంగా అదే మోడల్, అదే ఏడాదిది, ఇండియానాలో ఎల్క్‌హార్ట్ దగ్గర ఒక డీలర్ 32,400కే ఇస్తానంటున్నాడు. రెండు కొటేషన్లూ జత చేశాను. 6,500 తేడా! మా ఆవిడ దగ్గర్లోనే కొందామంటుంది. వెయ్యి మైళ్లు ఒక లాంగ్ డ్రైవే కదా, ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు ఉంది కదా, వెళ్లి తెచ్చుకుందామని నేను. వారంటీ ఇచ్చేది కంపెనీ, డీలర్ కాదు కదా అని నా వాదన. మీరేమంటారు?

– ఒక తమ్ముడు, ఫ్రిస్కో

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గర నాకు గుండె కలుక్కుమంది. “వారంటీ ఇచ్చేది కంపెనీ, డీలర్ కాదు కదా.” 2016లో మా ఇంట్లో సరిగ్గా ఇదే మాట అనుకున్నాం.

అప్పుడు మేం కాన్సస్‌లో ఉండేవాళ్లం. 700 మైళ్ల దూరంలో ఒక డీలర్ దగ్గర ట్రైలర్ దాదాపు 5,000 డాలర్లు తక్కువకు దొరికింది. మావారు, ఆయన స్నేహితుడు కలిసి వెళ్లి లాక్కొచ్చారు. మే నెలలో మొదటి పెద్ద వాన కురిసింది. తెల్లారి తలుపు తీస్తే స్లయిడ్-అవుట్ మూలన, అదే, బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే భాగం దగ్గర, నేలంతా నీళ్లు. సోఫా అడుగు నానిపోయింది. ఊళ్లోనే అదే కంపెనీ ట్రైలర్లు అమ్మే డీలర్ ఉన్నాడు కదా అని ధైర్యంగా ఫోన్ చేశాను. సర్వీస్ కౌంటర్లో ఉన్న అమ్మాయి నా పేరు అడగలేదు, ఏం పాడైందో అడగలేదు. మొదటి మాటే “బండి ఎక్కడ కొన్నారు?” చెప్పాను. జూలై మూడో వారంలో తీసుకురమ్మంది.

జూలైలో తీసుకెళ్లాం. వాళ్లు ఫొటోలు తీసి కంపెనీకి పంపాలి, కంపెనీ ఒప్పుకోవాలి, సీలూ దాని పక్క పట్టీ ఇండియానా నుంచి రావాలి. బండి మా చేతికొచ్చేసరికి ఆగస్టు ఆఖరు. పిల్లల బడులు తెరిచేశారు. ఆ ఏడాది మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. “నేలలోంచి వేడినీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయటగా, అది చూడాలే” అని ఎల్లోస్టోన్ గురించి వచ్చిన వారం నుంచీ అడుగుతూనే ఉన్నారు. సెప్టెంబరు మొదట్లో ఆవిడ తిరుగు ప్రయాణం. తర్వాత ఆరోగ్యం సహకరించక మళ్లీ రాలేకపోయారు. మాకు 5,000 డాలర్లు మిగిలిన మాట నిజమే. ఆ డబ్బు దేనికి ఖర్చయిందో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ఆవిడ అడిగిన మాట మాత్రం గుర్తుంది.

కాబట్టి మీ ప్రశ్నను ధరతో మొదలుపెట్టను. మే నుంచి అక్టోబరు దాకా, మీ అమ్మానాన్నలు ఇక్కడ ఉండే ఆ ఆరు నెలల్లో, బండికి ఏదైనా అయితే ఎవరు వెంటనే లోపలికి తీసుకుంటారు? దీనికి జవాబు దొరికాక ధర గురించి మాట్లాడుకుందాం.

కారు అలవాటే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. టొయోటా కారు హ్యూస్టన్‌లో కొని డాలస్‌లో ఏ టొయోటా డీలర్ దగ్గరికి తీసుకెళ్లినా వారంటీ పని చేస్తారు. ఆర్‌వీలు, అంటే ట్రైలర్లు, మోటార్ హోముల లాంటి చక్రాల ఇళ్లు, అలా కాదు. వారంటీ పనికి కంపెనీ డీలర్‌కు ఇచ్చే కూలి, డబ్బులిచ్చి బాగుచేయించుకునే వాళ్ల దగ్గర అతను తీసుకునే కూలి కన్నా సాధారణంగా తక్కువ. ఫలానా పనికి ఇన్ని గంటలే అని కంపెనీయే లెక్క కడుతుంది. నీళ్లు ఎక్కణ్నుంచి కారుతున్నాయో వెతకడానికి మెకానిక్‌కు నాలుగు గంటలు పడితే ఆ నాలుగు గంటలకూ డబ్బు రాకపోవచ్చు. తన దగ్గర కొన్నవాడి కోసమైతే డీలర్ ఆ నష్టం భరిస్తాడు. అమ్మకంలో లాభం చూసుకున్నాడు, మళ్లీ మనిషి కావాలి. వెయ్యి మైళ్ల అవతల కొన్నవాడి కోసం ఎందుకు భరించాలి? కొందరు మొహమాటం లేకుండా మేం చేయం అంటారు. ఎక్కువమంది చేస్తామనే అంటారు, వరసలో చివర నిలబెడతారు. వాళ్లను తిట్టాలని నాకు లేదు, వాళ్ల లెక్క వాళ్లది.

పైగా మీరు ఒకటే అనుకుంటున్న ఆ వారంటీ నిజానికి అతుకుల బొంత. ట్రైలర్ కంపెనీ ఎక్కువగా ఏడాది వారంటీ ఇస్తుంది. ఫ్రిజ్, ఏసీ, వాటర్ హీటర్, ఇరుసులు, టైర్లు తయారుచేసిన వాళ్లు వేరు, వాటి కాగితాలు వేరు. ఫ్రిజ్ చల్లబడకపోతే ట్రైలర్ కంపెనీ ఫ్రిజ్ కంపెనీని అడగమంటుంది, ఫ్రిజ్ కంపెనీ ఫిట్ చేసినవాణ్ని అడగమంటుంది. మధ్యలో నిలబడి మీ తరఫున ఫోన్లు చేసేవాడే డీలర్. మీరు వాడికిచ్చే డబ్బులో కొంత ఈ చాకిరీకే.

ఇప్పుడు ఎల్క్‌హార్ట్ సంగతి. అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో చాలా భాగం ఆ ఒక్క కౌంటీ, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచే వస్తాయి. థోర్, ఫారెస్ట్ రివర్ రెండూ అక్కడివే. ఫ్యాక్టరీ పక్కనే కాబట్టి రవాణా ఖర్చు తక్కువ, డీలర్లు పక్కపక్కనే కాబట్టి పోటీ ఎక్కువ. అక్కడి ధర తక్కువంటే మోసమేదో ఉందని అనుమానపడకండి, అందులో నిజముంది. కానీ ఇంకోటీ తెలుసుకోండి. అక్కడ చాలా ఫ్యాక్టరీల్లో కూలి గంటల లెక్కన ఇవ్వరు, పూర్తిచేసిన బళ్ల లెక్కన ఇస్తారు. చేతులు వేగంగా కదులుతాయి. స్క్రూ ఒకటి వదులుగా ఉండిపోతుంది, పైకప్పు మీద సీలెంట్ ఒకచోట పలచబడుతుంది. తలుపు పక్కన ఆర్‌వీఐఏ అని ఆర్‌వీ కంపెనీల సంఘం ముద్ర ఉంటుంది చూడండి. కరెంటు, గ్యాస్, నీళ్లు, అగ్నిప్రమాద భద్రతల నియమాల ప్రకారం కట్టామని కంపెనీ చెప్పుకోవడమే ఆ ముద్ర అర్థం. అల్మారా తలుపు సరిగ్గా పడుతుందా లేదా అన్నది అది చెప్పదు. కొత్త ట్రైలర్ అంటే సగం పూర్తయిన ఇల్లు అనుకోండి. మిగతా సగం పూర్తయ్యేది డీలర్ సర్వీస్ షెడ్డులోనే, మీకు తాళాలిచ్చే ముందు కొంత, మొదటి ఏడాదిలో కొంత. మా ట్రైలర్లలో ఒక్కటి కూడా మొదటి ఏడాది షెడ్డుకు వెళ్లకుండా లేదు.

ఇక్కడిదాకా చదివి మా మరదలు గెలిచానని నవ్వుతూ ఉండొచ్చు. కాస్త ఆగమనండి. దగ్గర్లో కొంటే చాలు అన్నదీ నిజం కాదు, అదీ మేం అనుభవించాం. మొదటిసారి దెబ్బ తిన్నాం కదా అని 2021లో రెండో ట్రైలర్ ఇంటికి పావుగంట దూరంలోనే కొన్నాం. అది కోవిడ్ కాలం, దేశమంతా ఆర్‌వీల మీద పడింది. ఆ ఒక్క ఏడాది ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకు పైగా బళ్లు డీలర్లకు వెళ్లాయి, అంతకుముందెన్నడూ అన్ని వెళ్లలేదు. 2023కల్లా అది దాదాపు 3 లక్షల 13 వేలకు పడిపోయింది. ఆ ఊపులో మా డీలర్ వందల బళ్లు అమ్మాడు. వెనక సర్వీస్ షెడ్డులో ఉన్నవి మూడంటే మూడు బేలు, అంటే బండిని నిలిపి బాగుచేసే చోట్లు, ఇద్దరు మెకానిక్‌లు. మా బండి ఫర్నేస్ వెలగక ఇచ్చి వస్తే ఆరు వారాలు వాళ్ల యార్డులో ఎండకు ఎండింది. ఎక్కడ కొన్నారని ఎవరూ అడగలేదు. అక్కడే కొన్నాం కదా. అయినా ఏం లాభం? దగ్గరతనం మీకు ఉపయోగపడేది ఆ షెడ్డులో పనిచేసే చేతులు ఉన్నప్పుడే.

అందుకని ఈ వారంలో సేల్స్ వాళ్లతో మాట్లాడకండి. మూడు ఫోన్లు చేయండి, మూడూ సర్వీస్ డిపార్ట్‌మెంట్లకే. మొదటిది మీ ఊరి డీలర్‌కు. “మీ దగ్గర కొన్న బండికి వారంటీ పని ఉంటే ఇవాళ ఫోన్ చేస్తే ఎప్పటికి తీసుకుంటారు? బయట కొన్నదైతే ఎప్పటికి?” ఈ రెండు తేదీల మధ్య తేడాయే మీరు దగ్గర్లో కొంటే వచ్చే అసలు లాభం. ఎన్ని బేలున్నాయి, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్‌లు ఎంతమంది అని కూడా అడగండి, మంచి చోట దాచకుండా చెబుతారు. రెండోది డాలస్ చుట్టుపక్కల అదే కంపెనీ బళ్లు అమ్మే ఇంకో డీలర్‌కు. మూడోది కంపెనీకే నేరుగా: “సొంతంగా ఇంటికొచ్చి బాగుచేసే మొబైల్ టెక్నీషియన్‌తో చేయించుకుంటే వారంటీ కింద డబ్బిస్తారా, ముందు అనుమతి ఎలా తీసుకోవాలి?”

ఈ మూడో ఫోన్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. మీ ప్రాంతానికి ఒక అదృష్టం ఉంది. ఆర్‌వీ మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చే నేషనల్ ఆర్‌వీ ట్రెయినింగ్ అకాడమీ మీకు ఆగ్నేయంగా ఏథెన్స్ అనే ఊళ్లో ఉంది. డాలస్ నుంచి గంటన్నర దూరం కూడా ఉండదు. కాబట్టి ఇల్లిల్లూ తిరిగి పనిచేసే వాళ్ల కోసం మీరు దేశమంతా వెతకక్కర్లేదు. కంపెనీ సరేనంటే, మంచి మొబైల్ టెక్నీషియన్ ఒకరు దొరికితే, దూరం నుంచి కొనడంలో ఉన్న ప్రమాదం సగం తగ్గినట్టే. నేనైతే 2016లో ఇలాంటిదొకటి ఉంటుందని కూడా తెలియక మూడు నెలలు పోగొట్టుకున్నాను.

ఫోన్లయ్యాక ఒక సోమవారం పొద్దున మీ ఊరి డీలర్ యార్డుకు వెళ్లండి, ముందు వైపు కాదు, వెనక వైపు. వారాంతం తిరిగొచ్చి బళ్లు దింపే వాళ్లు అక్కడే ఉంటారు. ఇద్దరినో ముగ్గురినో పలకరించి ఎన్ని రోజులు పట్టిందని అడగండి. ఆన్‌లైన్ రివ్యూల్లో కూడా కొన్న రోజు ఫొటో దిగి ఐదు నక్షత్రాలిచ్చిన వాళ్లవి వదిలేయండి, ఆరు నెలల తర్వాత రాసినవి చదవండి.

ఇప్పుడు ధర. మీరు పంపిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. 6,500 తేడా అన్నారు. నిజానికి పన్ను కలిపితే ఇంకాస్త ఎక్కువే. ఎక్కడ కొన్నా మీరు రిజిస్ట్రేషన్ చేయించుకునేది టెక్సస్‌లో, కట్టేది 6.25 శాతం. తక్కువ ధర మీద పన్నూ తక్కువ కాబట్టి ఇంకో 400 కలిసొస్తుంది. మొత్తం 6,900 అనుకుందాం. అయితే ఇండియానా కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ప్రెప్ (బండిని సిద్ధం చేసినందుకు), డాక్యుమెంట్ ఫీజులు 1,100 వేరే ఉన్నాయి. మీ ఊరి డీలర్ కొటేషన్లో అవి కలిసే ఉన్నాయి. అక్కడికి 5,800 అయింది. వెళ్లేటప్పుడు ఖాళీ ట్రక్కు గ్యాలన్‌కు 20 మైళ్లు ఇస్తుందనుకున్నా, వచ్చేటప్పుడు ట్రైలర్ తగిలిస్తే తొమ్మిదో పదో. రానూపోనూ 155 గ్యాలన్లు, మూడు డాలర్ల చొప్పున 465. రాత్రి బసలు, తిండి కలిపి 600. తేడా 4,700కు దిగింది. మీ సెలవు రోజుల లెక్క నేను వేయలేదు.

ఆ 4,700ను పట్టుకుని మీ ఊరి డీలర్ దగ్గరికి వెళ్లండి. ఇండియానా కాగితం చూపించండి. అతను ఆ ధరకు దిగడు, దిగాలని అడగొద్దు కూడా. “మాకు మీ సర్వీస్ కావాలి, అందుకే ఇక్కడికొచ్చాం. 35,900 చేస్తే ఇవాళే సంతకం పెడతాం” అనండి. ఈ రంగంలో కంపెనీ రాసిన ధర మీద పాతిక, ముప్పై శాతం తగ్గించడం మామూలు విషయం. మీ కొటేషన్‌లో తగ్గింపు పద్దెనిమిది శాతమే కనిపిస్తోంది కాబట్టి దిగడానికి చోటుంది. అతను ఆ మూడు వేలు తగ్గిస్తే, పన్ను తేడా కూడా పోగా, మిగిలే అసలు తేడా 1,500 డాలర్లు. అమ్మానాన్నలు ఇక్కడున్న ఆరు నెలలు వరసలో ముందు నిలబడటానికి ఆ 1,500 నేనైతే ఇస్తాను. మరో ఆలోచన లేకుండా ఇస్తాను.

అతను రూపాయి కూడా తగ్గనంటే? పైగా సర్వీస్ వాళ్లు మా దగ్గర కొన్నా ఐదు వారాలు పడుతుందంటే? అప్పుడు ఇండియానాయే మేలు. అతని దగ్గర కొనడానికి కారణమేమీ మిగల్లేదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. కొటేషన్లో ట్రైలర్ గరిష్ఠ బరువు 7,600 పౌండ్లని ఉంది. ఎఫ్-150 దాన్ని లాగగలదని ఇద్దరు సేల్స్‌మెన్లూ చెప్పి ఉంటారు. లాగగలదు. లాగడం వేరు, మోయడం వేరు. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. ట్రక్కు ట్రక్కుకూ అది మారుతుంది, వెళ్లి మీది చూడండి. ఉదాహరణకు 1,540 అనుకుందాం. ట్రైలర్‌లో సామాను సర్దాక 7,000 పౌండ్లుంటే, అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వెన్ను మీద పడుతుంది. 13 శాతం వేసుకుంటే 910. బరువు పంచే హిచ్ కూడా ఇంకో 90 పౌండ్లుంటుంది. వెయ్యి అయిపోయింది. ఇక మీ ఇద్దరు, పిల్లలిద్దరు, అమ్మ, నాన్న, ఆరుగురూ 700 పౌండ్లకు తక్కువ ఉండరు. 1,540 దాటిపోయారు. కదిలే ట్రైలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టకూడదు. కాబట్టి అమ్మానాన్నలు వెనక ఇంకో కారులో, మా మరదలు నడుపుతుండగా రావాలి, లేదంటే ఇంకా తేలికైన ట్రైలర్ చూసుకోవాలి. ఇది దగ్గర, దూరం కన్నా ముందు తేల్చుకోండి. తర్వాత నిండా సర్దిన బండిని ఏదైనా ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూయించండి. అయ్యే ఖర్చు మన నలుగురి టిఫిన్ కన్నా తక్కువ.

మీరెప్పుడూ ట్రైలర్ లాగలేదని ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ, “ఒక లాంగ్ డ్రైవే కదా” అన్న మాటలో నాకు అదే వినిపించింది. మొదటిసారి లాగేవాడికి వెయ్యి మైళ్లు లాంగ్ డ్రైవ్ కాదు. సెయింట్ లూయిస్ వంతెనల మీద పెద్ద ట్రక్కు పక్కనుంచి దూసుకెళ్తే ఆ గాలికి ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మార్చిలో ఓక్లహోమా అడ్డగాలి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే, దాన్ని ముప్పై అడుగుల గోడతో ఎదుర్కోవడం తెలియదు. కొన్ని ట్రైలర్ టైర్లకు గంటకు 65 మైళ్ల వేగమే హద్దు. ఎక్కడ కొన్నా సరే, కొనకముందే ఒక వారాంతం అవుట్‌డోర్సీలోనో ఆర్‌వీషేర్‌లోనో ఒక ట్రైలర్ అద్దెకు తీసుకుని దగ్గర్లోని ఏదైనా స్టేట్ పార్కుకు వెళ్లి రండి. వెనక్కి తిప్పడం, లెవెల్ చేయడం, బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరే ట్యాంకు) ఖాళీ చేయడం అప్పుడే నేర్చుకోవాలి. ఆ పని చేశాక కొందరు అసలు కొననే కొనరు, అదీ మంచిదే.

ఒకవేళ ఇండియానాకే వెళ్లాల్సి వస్తే, నా షరతులు ఇవి. ఇప్పుడు ఫిబ్రవరి. అక్కడ గడ్డకట్టే చలి. యార్డులో ఉన్న బండి గొట్టాల్లో గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోసి పెట్టి ఉంటారు. అంటే కుళాయి తిప్పి చూడలేరు, వాటర్ హీటర్ చూడలేరు, ఏ జాయింటు కారుతుందో తెలియదు. “వసంతంలో మీరే కడుక్కోండి” అని అప్పజెబుతారు. ఒప్పుకోకండి. వేడిగా ఉన్న షెడ్డులోకి తెప్పించి, యాంటీఫ్రీజ్ కడిగించి, నీళ్లు ఎక్కించి చూపించాకే డబ్బు అని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కుదరదంటే ఏప్రిల్ దాకా ఆగండి. డీలర్‌తో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోండి, ఎన్‌ఆర్‌వీఐఏ అనే సంఘం సర్టిఫికెట్ ఇచ్చిన వాళ్లు ఉంటారు. కొన్ని వందల డాలర్లు తీసుకుంటారు, పైకప్పు ఎక్కి మరీ చూస్తారు. అడ్వాన్స్ క్రెడిట్ కార్డు మీదే కట్టండి, తనిఖీలో తేడా వస్తే తిరిగిస్తామని కాగితం తీసుకోండి. డీలర్ షాపులో సంతకం పెట్టాక మూడు రోజుల్లో మనసు మార్చుకోవచ్చని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఆ ఫెడరల్ నియమం ఇంటికొచ్చి అమ్మేవాళ్లలాంటి అమ్మకాలకే, దీనికి వర్తించదు. ఇంకో విచిత్రం, దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఆర్‌వీలు కట్టే ఇండియానాలోనే అక్కడి లెమన్ చట్టం (లోపాలున్న బండి కొన్నవాళ్లను కాపాడే చట్టం) మోటార్ హోములనూ ట్రైలర్లనూ లెక్కలోకి తీసుకోదు. టెక్సస్ చట్టంలో ట్రైలర్లకు చోటుంది. బయట రాష్ట్రంలో కొన్నదానికి అది ఎంతవరకు వర్తిస్తుందో సంతకానికి ముందే టెక్సస్ డీఎంవీని అడిగి తెలుసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: తాళాలు తీసుకున్న రోజే ఇంటికి బయల్దేరొద్దు. డీలర్‌కు పది మైళ్లలో ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు పడుకోండి. అన్నం వండండి, స్నానాలు చేయండి, రాత్రంతా ఫర్నేస్ వేయండి, ఫ్రిజ్ కరెంటు మీద, గ్యాస్ మీద కూడా నడిచేదైతే రెండిటి మీదా నడపండి. మూడో రోజు పొద్దున జాబితా పట్టుకుని డీలర్ గుమ్మం ముందు నిలబడండి. ఆ రెండు రోజులూ ఆ డీలర్‌కు మీరు స్థానికులే. తర్వాత దారిలో మొదటి పది మైళ్లకు, పాతిక మైళ్లకు, యాభై మైళ్లకు ఒక్కోసారి ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించి చూసుకోండి. కొత్త బండికి అవి వదులవుతాయి.

దగ్గర్లో కొన్నా తనిఖీ మానొద్దు. ఇంకా కాగితం మీద సంతకం పెట్టకముందే మూడు గంటలు తీరిగ్గా చూడండి. స్లయిడ్-అవుట్ లోపలికి, బయటికి రెండుసార్లు నడిపించి మూలలు వేలితో తడమండి. సింకుల కింద టార్చ్ వేయండి. బాగుచేస్తామని నోటితో చెప్పిన ప్రతిదీ ‘డ్యూ బిల్’ అనే కాగితం మీద రాయించి మేనేజర్ సంతకం తీసుకోండి. స్టవ్ మీద ఉండే ఫ్యాన్ ఆన్ చేసి, బయటికెళ్లి గోడ మీద చిన్న మూత తెరుచుకుందో లేదో చూడండి. చాలా బళ్లలో దానికి బయట నుంచి గొళ్లెం ఉంటుంది. అది తీయకపోతే మీ అమ్మగారి తిరగమోత ఘాటంతా ఆ చిన్న గదిలోనే తిరుగుతుంది, పొగ అలారం మోగుతుంది, ఆవిడ బెదిరిపోతారు. మా ఇంట్లో అయిందది.

ఫ్రిస్కోలో చాలా కాలనీల్లో ఇంటి ముందు ట్రైలర్ ఉంచనివ్వరు. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు చూసుకుని స్టోరేజ్ లాట్ అద్దె కూడా లెక్కలో కలపండి.

ఆ మూడు ఫోన్లూ చేశాక సర్వీస్ వాళ్లు ఏ తేదీలు చెప్పారో నాకు రాయండి, లెక్క మళ్లీ వేద్దాం. ఈసారి డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లి నేల నుంచి మొదటి మెట్టుకు ఎంత ఎత్తుందో, తలుపు పక్కన పట్టుకోవడానికి గట్టి కడ్డీ ఉందో లేదో కూడా చూసి రాయండి. లోపల బాత్రూము ఎంత బాగున్నా, అమ్మగారు ఆ మెట్టు ఎక్కాలి కదా.